ఆరువందల జీవితకథలు, ఒక శ్రోత

1934వ సంవత్సరం జూన్ నెలలో జర్మనీలోని నాజీ పార్టీ స్థానిక కార్యాలయాలలోనూ, ఆ పార్టీ పత్రికలలోనూ ఒక విచిత్రమైన ప్రకటన వెలువడింది. హిట్లర్ ఉద్యమాన్ని అనుసరించినవారు తమ జీవితకథను తామే వ్రాసి పంపవచ్చును. ఉత్తమమైన వాటికి బహుమతులు ఉంటాయి. బహుమతుల మొత్తం 400 మార్కులు. వ్రాసేవారు స్త్రీలైనా పురుషులైనా, ఏ వయసువారైనా సరే. 1933 జనవరి 1వ తేదీకి ముందే పార్టీలో చేరినవారో, దానిని అభిమానించినవారో అయి ఉండాలి. హిట్లర్ ప్రధాని పదవి చేపట్టింది ఆ జనవరి 30న. అంటే, గెలుపు ఖాయమైన తరువాత పదవుల కోసం వచ్చి చేరినవారి కథలు ప్రకటించిన వ్యక్తికి అక్కరలేదన్నమాట. గెలుస్తామో లేదో తెలియని రోజుల్లోనే ఆ జెండా పట్టుకున్నవారు ఎందుకు పట్టుకున్నారో ఆయనకు తెలియాలి. కుటుంబం, చదువు, బతుకుతెరువు, యుద్ధానంతర అనుభవాలు, ఆనాటి ఆలోచనలు, మనోభావాలు అన్నీ వివరంగా, ఉన్నదున్నట్టు వ్రాయమని ఆయన కోరారు.

ఆ ప్రకటించిన వ్యక్తి నాజీ కాదు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధించే థియొడోర్ ఏబెల్. ఆయన పిలుపుకు 683 వ్యాసాలు వచ్చాయి. మరీ చిన్నవైన 35 వ్యాసాలను, స్త్రీలు వ్రాసిన 48 వ్యాసాలను పక్కన పెట్టి, మిగిలిన 600 జీవితకథల ఆధారంగా 1938లో ఆయన ఒక గ్రంథం ప్రచురించారు. హిట్లర్ అధికారంలోకి ఎందుకు వచ్చాడన్నదే దాని పేరు, దాని ప్రశ్న కూడా.

ఈ వృత్తాంతం వినగానే మనసుకు ఒక ఇబ్బంది కలుగుతుంది. అది న్యాయమైన ఇబ్బందే. ద్వేషాన్ని రాజ్యపాలనగా మార్చినవారిని పిలిచి, పెద్దపీట వేసి, “నీ కథ చెప్పు” అని అడగడమేమిటి? పైగా బహుమతి ఇవ్వడమేమిటి? విన్నంత మాత్రాన వారికి గౌరవం కట్టబెట్టినట్టు కాదా? అర్థం చేసుకోవడం మొదలుపెడితే క్షమించడం దాకా పోమా? రాజకీయ తీవ్రవాదాన్ని అధ్యయనం చేసే ప్రతి సామాజిక శాస్త్రవేత్తనూ ఈ ధర్మసందేహం జీవితాంతం వెంటాడుతుంది. ఏబెల్ గారి కథ ఆధారంగా దానినే ఇక్కడ కొంచెం విచారించదలచాము.

ఏబెల్ 1896లో లోడ్జ్ నగరంలో జన్మించారు. ఆ పేరు వ్రాసేది ఒక తీరు, పోలెండువారు పలికేది ‘వూచ్’ అని మరొక తీరు. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలోని బట్టల మిల్లుల ఊరు. పోలిష్ వారు, జర్మన్లు, యూదులు ఒకే వీధులలో వ్యాపారాలు చేసుకుంటూ బతికిన ఊరు. అక్కడ పుట్టినవారికి ఇరుగుపొరుగు అంటే వేరు భాష, వేరు మతం అన్నది పుస్తకంలో చదివి తెలుసుకునే సంగతి కాదు. ఆయన గురువు పోలిష్ సామాజిక శాస్త్రవేత్త ఫ్లోరియన్ జ్నానియెట్స్కీ. ఈ గురువు పేరు మన పాఠకులకు కొత్తదే కావచ్చు గాని, ఆయన చేసిన పని మాత్రం వలస వచ్చిన ఏ కుటుంబానికైనా దగ్గరగా తోస్తుంది. అమెరికా వలస వచ్చిన పోలిష్ రైతులకూ, స్వదేశంలోని వారి బంధువులకూ మధ్య నడిచిన ఉత్తరాలను సేకరించి, విలియం థామస్ అనే అమెరికన్ పండితునితో కలిసి, 1918, 1920 మధ్య ఐదు సంపుటాల గ్రంథం వెలువరించారు. అమ్మకు వ్రాసిన క్షేమసమాచారం, పంపిన డబ్బు లెక్క, చెల్లెలి పెళ్ళి గురించిన బెంగ, ఇవన్నీ కూడా శాస్త్రానికి ఆధారాలవుతాయని నిరూపించినవారు వారిద్దరు. మన పెద్దల పెట్టెల అడుగున ఇంకా దాగి ఉన్న నీలిరంగు విమాన ఉత్తరాలను ఎవరైనా అలా చదివితే బాగుండునని మాకు అనిపిస్తూ ఉంటుంది. అది వేరే సంగతి.

ఆ తరువాత 1921లో జ్నానియెట్స్కీ పోలెండులో కార్మికుల స్వీయచరిత్రలకు ఒక పోటీ పెట్టారు. కనుక శిష్యుడు నాజీల కథల కోసం పోటీ పెట్టడం ఉన్నట్టుండి పుట్టిన చమత్కారం కాదు. గురువు నుండి వచ్చిన పద్ధతి. తేడా ఒక్కటే. గురువు తాను ఆదరించినవారి కథలు విన్నారు. శిష్యుడు తాను ఏకీభవించనివారి కథలు వినబూనుకున్నారు.

ఆయన అలా ఎందుకు పూనుకున్నారు? 1928 ఎన్నికలలో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు నూటికి మూడు కూడా లేవు. 1932 జులై నాటికి అవి 37 దాటాయి. నాలుగేళ్ళలో ఇంత మార్పు ఎలా వచ్చిందని పండితులు తలా ఒక కారణం చెప్పారు. ఒకరు ఆకలి అన్నారు, ఒకరు సామూహిక ఉన్మాదం అన్నారు, మరొకరు ధనికుల కుట్ర అన్నారు. చెప్పినవారిలో చాలామంది ఆ మనుషులను అడిగి చెప్పినవారు కారు. ఏబెల్ అడగదలచుకున్నారు. ఇందులో ధైర్యం కంటె వినయం ఎక్కువ ఉందని మా అభిప్రాయం. ఎదుటివాని మనసులో ఏముందో నాకు ముందే తెలుసు అనుకోని వినయం అది.

ఆ వినయానికి ఆయన చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. పార్టీ సహకారం లేనిదే ఆ ప్రకటన ఊరూరికీ చేరేది కాదు. సహకారం తీసుకున్నాక వచ్చే వ్యాసాలకు పార్టీ నీడ తగలకుండా ఉండదు. వ్రాసినవారు గెలిచినవారు, గెలిచినవాని జ్ఞాపకంలో తన గతమంతా ఒక యజ్ఞంలా కనిపిస్తుంది. పోటీ ప్రకటించిన ఆ జూన్ నెల చివరి రోజునే హిట్లర్ తన సొంత పార్టీలోని మనుషులను పదుల సంఖ్యలో చంపించడం మొదలుపెట్టాడు. అటువంటి వేళ కాగితం మీద నిజం పెట్టడానికి ఎవరి చేయి వణకదు? ఈ లోపాలు ఉన్నాయి గనుక ఆ వ్యాసాలు పనికిరావని కొందరు అంటారు. మేము అలా అనము. అబద్ధం చెప్పేవాడు కూడా తాను ఎలా కనిపించాలనుకుంటాడో నిజంగానే చెబుతాడు.

ఇంతకూ ఆ కథలలో ఏముంది? రాక్షసులు లేరు. ముప్పై ఏళ్ళు దాటిన, పట్టణంలో బతికే, దిగువ మధ్యతరగతి కుటుంబీకుడు వారిలో ఎక్కువగా కనిపించే మనిషి. యుద్ధంలో పోరాడి 1918లో ఓటమితో ఇంటికి వచ్చాడు. 1923లో ద్రవ్యోల్బణం విషమించి, జీవితమంతా దాచుకున్నది రొట్టెముక్కకు సరిపోకుండా పోవడం చూశాడు. ఆ తరువాత ఉద్యోగాలు పోయాయి. 1932 నాటికి నిరుద్యోగులు అరవై లక్షలు. అప్పుడు ఎవరో ఒక సభకు పిలిచారు. వెళ్ళాడు. అక్కడ ఇంజనీరూ కూలీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. తనను పేరుపెట్టి పలకరించారు, పని అప్పగించారు. ఏబెల్ తన గ్రంథంలో ఏ ఒక్క కారణానికీ పట్టం కట్టలేదు. ఉన్న వ్యవస్థ పట్ల అసంతృప్తి, కొత్త సమాజం గురించి పార్టీ చూపిన కల, దాని సంస్థాగత నైపుణ్యమూ ప్రచారమూ, జనాన్ని ఆకట్టుకునే నాయకుడు, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే గాని ఆ ఉద్యమం గెలిచేది కాదన్నారు.

మనకు ఇటువంటి మనిషి కొత్త కాడు. ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శనం జరిగిన రోజున కృపాచార్యుడు కర్ణుని వంశమేదని అడుగుతాడు. నిండు సభలో ఆ వీరుడు తల దించుకుంటాడు. ఆ క్షణంలో లేచి అతనికి అంగరాజ్యం ఇచ్చినవాడు దుర్యోధనుడు. ఆ తరువాత కర్ణుడు ఎటు నిలబడ్డాడో, ఎందుకు నిలబడ్డాడో మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. అయితే మన కవులు అక్కడితో ఆగలేదు. ఆదిపర్వంలో అతని అవమానాన్ని చూపించిన నన్నయ భట్టారకుడే సభాపర్వంలో ద్రౌపది విషయంలో అతడు పలికిన క్రూరమైన పలుకులను కూడా దాచకుండా చెప్పాడు. మొదటిది తెలిసినందువల్ల రెండవది చిన్నదైపోదు. అర్థం చేసుకుంటే క్షమించినట్టేనన్న భయానికి ఇంతకంటె మంచి జవాబు మాకు దొరకలేదు.

కాని కర్ణుని ఉపమానం ఒకచోట చాలదు. ఆ ఆరువందల వ్యాసాలు చదివినవారిని అన్నిటికంటె కలవరపెట్టినది వాటిలో ఉన్న సంగతి కాదు, లేని సంగతి. యూదుల పట్ల ద్వేషం పొంగిపొరలే వ్యాసాలు ఉన్నాయి. వాటిని ఏబెల్ దాచలేదు. అయితే పెద్ద భాగం వ్యాసాలలో ఆ ప్రస్తావనే లేదు. 1975లో పీటర్ మెర్క్ల్ అనే రాజనీతి శాస్త్రవేత్త ఆ కట్టలలో మిగిలిన 581 వ్యాసాలను మళ్ళీ చదివి, ఒక్కొక్కదానిని వర్గీకరించి, ఒక పెద్ద గ్రంథం వ్రాశారు. అందులోనూ ఎక్కువగా కనిపించిన కోరిక, వర్గభేదాలు లేని ఒకే జాతీయ కుటుంబం కావాలన్నది. వినడానికి ఎంత మంచి కోరిక!

కొందరు దీనిని చూసి, “పాపం, వారిలో చాలామందికి ద్వేషమే లేదు” అని ఊరట చెందుతారు. మాకు మాత్రం ఇది ఊరటగా తోచలేదు. ఆ వ్యాసాలు వ్రాసింది 1934లో. అంతకు ఏడాది ముందే, 1933 ఏప్రిల్ 1న, యూదుల దుకాణాల ముందు పార్టీ మనుషులు నిలబడి జనాన్ని లోపలికి పోవద్దన్నారు. ఆ నెల 7న వచ్చిన చట్టం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించింది. జర్మనీలో అప్పుడున్న యూదులు సుమారు ఐదు లక్షలు, జనాభాలో నూటికి ఒక్కరు కూడా కారు. వ్యాసకర్తలు ఇదంతా కళ్ళారా చూశారు. చూసి, తమ జీవితంలో అతి ముఖ్యమైన సంగతులు వ్రాయమన్నప్పుడు, అది వ్రాయదగినంత ముఖ్యమని వారికి తోచలేదు. పొరుగువాని దుకాణం మూతపడటం వారి కథలో లేదు. ద్వేషించడానికి కూడా ఎదుటివాడు మన కథలో ఉండాలి కదా. వారి కథలో అతడు అసలు లేడు.

ఇక్కడ మన భాషలోని ఒక సౌకర్యం గుర్తుకు వస్తుంది. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టే చోట తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలున్నాయి. వినేవారిని కలుపుకుంటే మనము, విడిచిపెడితే మేము. మన తెలుగు బడిలో చిన్నపిల్లలు దీనితో ఎంత తికమక పడతారో పాఠం చెప్పేవారికి తెలుసు. జర్మన్ భాషలోనూ ఒకే మాట. ఆ ఒక్క మాట చాటున ఏమి జరిగిందో ఆ వ్యాసాలలో కనిపిస్తుంది. వ్రాసినవారు తాము ‘మనము’ అంటున్నామనే నమ్మారు. పక్కింటివాడు విన్నది ‘మేము’. ఏబెల్ పుట్టిన ఊరికి కూడా ఆ ‘మేము’ నడిచి వచ్చింది. 1940లో నాజీలు లోడ్జ్ పేరును లిట్స్‌మన్‌స్టాట్ అని మార్చి, అక్కడి యూదులను ఒక వాడలో బంధించారు. నాలుగేళ్ళలో ఆ కంచె లోపలికి వెళ్ళినవారు రెండు లక్షలకు పైగా. బతికి బయటపడినవారు బహు కొద్దిమంది.

మరి శాస్త్రవేత్త విని ప్రయోజనమేమిటి? ఇక్కడ ఏబెల్ తన మీద తానే ఒక ప్రశ్న సంధించుకున్నారని మేము భావిస్తాము. యుద్ధం ముగిసిన తరువాత, 1948లో, అమెరికన్ జర్నల్ ఆఫ్ సోషియాలజీ అనే పత్రికలో ఆయన ఒక వ్యాసం వ్రాశారు. నాజీల గురించి కాదు. ఎదుటివారిని అర్థం చేసుకోవడం అనే పని గురించి. సామాజిక శాస్త్రంలో నేటికీ పాఠంగా చెప్పే వ్యాసమది. అందులో ఒక సామాన్యమైన ఉదాహరణ ఉంది. ఒక్కసారిగా చలి పెరిగింది. పొరుగాయన లేచి, కట్టెలు కొట్టి తెచ్చి, పొయ్యి రాజేసి, మళ్ళీ కూర్చున్నాడు. చలివేసి మంట వేసుకున్నాడని మనకు వెంటనే అర్థమైపోతుంది. ఎలా అర్థమైంది? మనకు చలివేస్తే మనమూ అదే చేస్తాము గనుక. అంటే, మన అనుభవాన్ని అతనికి అంటగట్టాము. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. వేరే ఆధారం చూడనిదే తేలదు. ఇలా అర్థం కావడం వల్ల కొత్త జ్ఞానమేదీ చేతికి రాదు, వింతగా తోచినది తెలిసినదైపోయి మన మనసు కుదుటపడుతుంది, అంతే. పరిశోధనకు అది మొదటి ఊహ ఇవ్వగలదు గాని, రుజువు ఇవ్వలేదు.

ఆరువందల తీవ్రవాదుల హృదయాలు చదివిన మనిషి ఈ మాట అనడంలోని విలువను గమనించాలి. ఎదుటివాని బాధ వినగానే మనకు కలిగే ‘ఆహా, ఇప్పుడు తెలిసింది’ అన్న తృప్తిని ఆయన నమ్మలేదు. కథ చెప్పే మనిషి మనలను తన వెంట తీసుకుపోతాడు. అతని కళ్ళతో చూస్తున్నంతసేపు, అతడు చూడనివారు మనకూ కనిపించరు. పరిశోధకుడు చేయవలసిన పని అక్కడే ఆగి, ఈ కథలో ఎవరు లేరు అని వెతకడం.

ఈ దేశంలోని తెలుగు కుటుంబాలకు ఇది పుస్తకాల చర్చ కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్ పట్టణంలో హైదరాబాదు నుండి వచ్చిన ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల గారిని ఒకడు కాల్చి చంపాడు. తన దేశం విడిచి పొమ్మని అరిచాడు. మిత్రుడు అలోక్ మాదసాని గాయపడ్డారు. అడ్డుపడిన ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ కూడా తూటా దెబ్బ తిన్నారు. అది ఒక్కడు చేసిన హత్య. ఒక దేశాన్ని ఆక్రమించిన ఉద్యమంతో దానిని పోల్చకూడదు. కాని ఆ తరువాత శ్రీనివాస్ గారి భార్య సునయన దుమాల లోకాన్ని అడిగిన ప్రశ్న మనకు గుర్తుంది. మేము ఇక్కడివారమేనా అని ఆమె అడిగారు. ఆ హంతకుడికి ఎన్ని కష్టాలున్నాయో, అతని జీవితకథ ఏమిటో ముందుగా వినవలసిందని ఆ ఇంటివారికి చెప్పే సాహసం ఎవరికైనా ఉంటుందా? ఉండకూడదు కూడా. వినడం ధర్మమే కావచ్చు. కాని ఆ ధర్మం అందరి మీద సమంగా పడదు. గాయపడినవారికి అది విధి కాదు. గాయపడనివారు, దూరంగా, క్షేమంగా ఉన్నవారు వారి బదులు ఆ పని భుజాన వేసుకోవాలి. ఏబెల్ న్యూయార్క్‌లో క్షేమంగా ఉన్నారు గనుకనే వినగలిగారు. ఆ వృత్తికి నైతిక బలం కొంత ఇక్కడి నుండే వస్తుందని మా నమ్మకం.

మన వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. దేవాలయమన్నా, తెలుగు సంఘమన్నా ‘మనము’ అనే మాట కోసం కట్టుకున్నవే. పరాయి ఊరిలో పేరుపెట్టి పిలిచేవారు, పని అప్పగించేవారు, పక్కన కూర్చోబెట్టుకునేవారు ఉండాలని మనమూ కోరుకున్నాము. ఆ జర్మన్ యువకుడు సభామందిరంలో వెతుక్కున్నదీ అదే. కోరికలో తప్పు లేదు. పిల్లలకు అది మన దగ్గర దొరక్కపోతే మరెక్కడో, ఫోను తెరలోనో, దొరుకుతుంది. అయితే కుటుంబాల వాట్సాప్ బృందాలలో పండుగ శుభాకాంక్షల మధ్య అప్పుడప్పుడు ఒక కులాన్నో, మతాన్నో, ఇక్కడి మరొక జాతివారినో ఎగతాళి చేసే సందేశం వచ్చి పడుతుంది. పంపినవారు సాధారణంగా ద్వేషించేవారు కారు. ఎంతో ఆప్యాయత గల పెద్దవారే. ఏ పదహారేళ్ళ పిల్లవాడో అటువంటి మాటను భోజనాల దగ్గర అన్నాడనుకుందాం. వెంటనే నోరు మూయించడం సులభం. పిల్లవాడు కదా అని నవ్వి ఊరుకోవడం ఇంకా సులభం. అది నీకు ఎక్కడ దొరికింది, ఎవరు చెప్పారు, చెప్పినవారు నీకు ఎందుకు నచ్చారు అని అడిగి పూర్తిగా వినడానికి ఒక సాయంత్రం పడుతుంది. విన్న తరువాత, ఆ మాటలో ఉన్న మనుషుల్లో నీ తరగతిలో ఎవరైనా ఉన్నారా, వారి పేరేమిటి అని అడగడానికి మరికొంత సమయం పడుతుంది.

ఒక సంగతి మిగిలిపోయింది. ఏబెల్ పక్కన పెట్టిన ఆ 48 మంది స్త్రీల వ్యాసాలు. 1938 నాటి గ్రంథంలో వాటికి చోటు దొరకలేదు. అంత శ్రద్ధగా విన్న శ్రోత కూడా కొందరిని తన కథ బయటే ఉంచారన్నమాట. మిగిలిన కాగితాలతో పాటు అవి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న హూవర్ సంస్థ భాండాగారానికి చేరి, దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయాయి. వాటిలో మిగిలినవి ముప్పైకి పైగా. ఇటీవలి సంవత్సరాలలో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ కట్ట విప్పి, ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి అనువదించి చదవడం మొదలుపెట్టారు.